కోట ఏది?

మే నెలాఖర్లో ఒక కొండ మీద తీసిన ఫొటోలు ఓ పన్నెండు మా కాలేజీ స్నేహితుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. కింద "యమనక కోట, జపాన్" అని మాత్రం రాశాను. పది నిమిషాల్లో మొదటి జవాబు వచ్చింది: "గడ్డి బాగుంది. కోట ఏది?"

దాని కింద నవ్వులు, చప్పట్ల బొమ్మలు. నేనూ ఒక నవ్వు పెట్టి ఊరుకున్నాను. కానీ ఆ ప్రశ్న రెండు మూడు రోజులు నన్ను వదల్లేదు. అడిగినవాడి తప్పేం లేదు. ఫొటోల్లో ఉన్నవి పచ్చగడ్డి, గుంతలు, గుంతల మధ్య గట్లు, దూరంగా దేవదారు చెట్లు. ద్వారం లేదు, బురుజు లేదు, కనీసం కూలిన గోడ కూడా లేదు. మనకు కోట అంటే గోల్కొండ, గండికోట. కోటలో కూలిపోవడానికైనా ఏదో ఒకటి ఉండాలి కదా.

వాట్సాప్‌లో రాయలేని జవాబు ఇక్కడ రాస్తున్నాను. నా మాట ఇది: ఆ గుంతలే కోట. మిగతాదంతా, అంటే గోడలూ మేడలూ, దాని మీద వేసుకున్న బట్టలు. ఈ మాట మీద నాకే కొన్ని అనుమానాలున్నాయి. వాటినీ దాచను.

నాతో ఆ రోజు మా మామయ్య ఉన్నాడు. అమ్మ తమ్ముడు. సాగర్ కుడి కాలువ మీద వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. అమ్మతో పాటు జపాన్‌లో మా ఇంటికి వచ్చి నెల రోజులున్నాడు. ఆయన లేకపోతే నేను కూడా "గడ్డి బాగుంది" అనే తిరిగొచ్చేవాణ్ణేమో.

ఉప్పు మడులు

మిషిమా స్టేషన్ నుంచి హకోనే కొండల వైపు వెళ్ళే బస్సు కిటకిటలాడుతోంది. మధ్యలో స్కైవాక్ అనే వేలాడే వంతెన దగ్గర దాదాపు అందరూ దిగిపోయారు. 400 మీటర్ల పొడవున్న కాలినడక వంతెన అది, 2015లో తెరిచారు. "మనం దిగొద్దా?" అన్నాడు మామయ్య. "మనది ఇంకా పైన" అన్నాను. కోట స్టాపులో దిగింది మేమిద్దరం, ఇంకొకాయన. ఆయన దుకాణంలోకి వెళ్ళి, 'జపాన్ నూరు గొప్ప కోటలు' పుస్తకంలో 40వ నంబరు పేజీ మీద స్టాంపు గుద్దుకుని, ఒక ఐస్‌క్రీం తిని, మేం ఇంకా బోర్డు చదువుతుండగానే తిరుగు బస్సు కోసం నిలబడ్డాడు. ఆయనకీ కోట కనపడలేదనుకుంటాను. లేదా ముందే చూసి ఉంటాడు. తొందరపడి అనకూడదు.

ఈ కోట కట్టించింది ఒదవారా కేంద్రంగా ఏలిన హోజో వంశం వాళ్ళు, 1560ల ప్రాంతంలో. పడమటి నుంచి ఒదవారాకి రావాలంటే హకోనే కొండ ఎక్కాలి. ఆ దారిని కోట కడుపులోంచి పోనిచ్చారు. టోల్ గేటు లాంటి కోట అన్నమాట. సముద్రమట్టానికి 580 మీటర్ల ఎత్తు. రాతి గోడ ఒక్కటి కూడా లేదు. మొత్తం మట్టి.

పడమటి భాగానికి చేరేసరికి ఫొటోల్లో కనిపించే ఆ దృశ్యం ఎదురైంది. పెద్ద అగడ్త. దాని అడుగున అడ్డంగా, నిలువుగా మట్టి గట్లు. గట్ల మధ్య చదరపు గుంతలు. జపాన్ వాళ్ళు దీన్ని 'షోజి' అగడ్త అంటారు. షోజి అంటే వాళ్ళ ఇళ్ళలో చెక్క చట్రాలకి కాగితం అంటించిన జరుపుడు తలుపు. ఆ చట్రంలా ఉంటుందని. గట్లు ఒకే వరసగా ఉంటే 'ఉనె' అగడ్త. ఉనె అంటే చేలో తోలే బోదె. ఈ కాలం పిల్లలు మాత్రం వాఫిల్ కోట అంటున్నారు. మామయ్య చూసీ చూడగానే "ఉప్పు మడుల్లా ఉన్నాయే" అన్నాడు. చినగంజాం వైపు ఎప్పుడైనా వెళ్ళినవాళ్ళకి ఇంకో వర్ణన అక్కర్లేదు.

ఎందుకిలా? బోర్డు మీద రాసినది తేలిగ్గానే అర్థమైంది. మామూలు అగడ్తలోకి దిగిన శత్రువు అడుగున అటూ ఇటూ పరిగెత్తి, ఎక్కడ ఎక్కడానికి వీలుందో వెతుక్కుంటాడు. ఇక్కడ గుంతలో పడ్డవాడు ఆ గుంతలోనే ఉండాలి. పక్క గుంతలోకి పోవాలంటే రెండు మీటర్ల గట్టు ఎక్కాలి. కోటలోకి రావాలంటే దాదాపు తొమ్మిది మీటర్లు పాకాలి. ఈలోపు పైన తుపాకులు. నీళ్ళు నింపక్కర్లేదు, ముళ్ళు పరచక్కర్లేదు. మట్టిని ఎక్కడ తియ్యాలో, ఎక్కడ వదలాలో తెలిస్తే చాలు.

మామయ్య లెక్క

నేను ఇదంతా బోర్డు చూసి అనువదించి చెబుతుంటే మామయ్య వినడం లేదు. ఒక కన్ను మూసి, అరచెయ్యి అడ్డంగా పెట్టి వాలు చూస్తున్నాడు.

"అల్లుడూ, మా కాలువ కట్టకి నిలువు ఒకటికి అడ్డం ఒకటిన్నర ఇచ్చేవాళ్ళం. అంతకన్నా నిటారుగా పెడితే రెండో వానకి జారి కాలవలో కూర్చుంటది. ఇది చూడు. ఎంత నిటారుగా ఉందో."

"మరి ఎలా నిలిచింది?"

"ఇది పోసిన కట్ట కాదురా. కోసిన గట్టు."

పోసిన కట్ట, కోసిన గట్టు. అక్కడ దొరికిన మాటల్లో నాకు బాగా పనికొచ్చింది ఇదే. మట్టి తెచ్చి పోస్తే అది వదులుగా ఉంటుంది, వాలుగా పరుచుకుంటుంది. వేల ఏళ్ళుగా కదలకుండా ఉన్న మట్టిని నిలువునా కోస్తే నిలబడుతుంది. ఈ కొండ మీది మట్టి ఫుజీ, హకోనే అగ్నిపర్వతాల బూడిద నుంచి వచ్చిన ఎర్రమట్టి. కోస్తే గోడలా నిలుస్తుంది, తడిస్తే సబ్బులా జారుతుంది. ఈ రెండో గుణం కూడా హోజో వాళ్ళకి కావలసిందే. పడమటి జపాన్‌లో రాయి పేర్చి కోటలు కడుతున్న రోజుల్లో వీళ్ళు మట్టితోనే ఉండిపోయారంటే అది రాయి పేర్చడం చేతకాక మాత్రమే అనుకోనక్కర్లేదు. కాళ్ళ కింద ఉన్నదాని గుణం వాళ్ళకి తెలుసు.

ఆ గుణం మధ్యాహ్నానికల్లా నాకూ తెలిసింది. ముందు రాత్రి వాన పడింది. రోడ్డు అవతల ఉన్న దైసకి అనే కోట భాగం వైపు వెళ్తుంటే గడ్డి లేనిచోట అడుగు వేశాను. చూస్తుండగానే కూర్చున్నాను, కూర్చున్నట్టే నాలుగడుగులు కిందికి పోయాను. ప్యాంటు వెనక భాగం ఇప్పటికీ తెలుపెక్కలేదు. మామయ్య చెయ్యి ఇవ్వడానికి ముందు ఒక నిమిషం నవ్వాడు. కవచం, కత్తి, తడిసిన గడ్డి చెప్పులు, పైనుంచి తుపాకీ గుండ్లు: ఇవన్నీ కలిపి ఊహించుకోవడానికి ఏ మ్యూజియమూ నాకు అంత సాయం చేయలేదు.

ఇక్కడే మామయ్య ఇంకో మాట అన్నాడు. ఆ గట్లు శత్రువుని ఆపడానికే వదిలారని ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు. "పెద్ద తవ్వకం పని ముఠాలకి పంచేటప్పుడు మధ్యలో గట్టు వదిలి, ఈ గుంత మీది, ఆ గుంత వాళ్ళది అంటాం. లోతు కొలవడానికి కూడా అది పనికొస్తది. చివర్లో తీసేస్తాం. వీళ్ళు తియ్యకుండా వదిలేశారేమో, తర్వాత ఉపయోగం కనిపెట్టారేమో." గట్లు మరీ ఇంత శుభ్రంగా, ఇంత ఒక పద్ధతిలో ఉంటే అలా జరిగి ఉండదని నా వాదన. పని పంపకంలోంచి పుట్టిన ఆలోచన యుద్ధానికి పనికి రాకూడదని ఎక్కడుంది అని ఆయన వాదన. ఇంటికొచ్చాక కూడా తెగలేదు.

పూటలో పడిపోయింది

నా వాదానికి అన్నిటికన్నా పెద్ద దెబ్బ కోట చరిత్రలోనే ఉంది. ఇంత తెలివైన తవ్వకం సగం రోజు కూడా నిలబడలేదు.

1590లో, పాత పంచాంగం ప్రకారం మూడో నెల 29న, జపాన్‌నంతా తన కిందికి తెచ్చుకుంటున్న తొయొతోమి హిదెయోషి సైన్యం వచ్చి పడింది. దాదాపు 70 వేల మంది. లోపల సుమారు నాలుగు వేలు. మధ్యాహ్నానికి అంతా అయిపోయింది. కోట అధిపతి మాత్సుదా యసునగా చనిపోయాడు. దైసకి భాగాన్ని కాసిన మమియా యసుతోషి చనిపోయాడు, అప్పటికి ఆయన డెబ్బై దాటిన ముసలివాడు. మూడు నెలల తర్వాత ఒదవారా లొంగిపోయింది, హోజోల కథ ముగిసింది.

మరి ఈ గుంతల గొప్ప ఏమిటి? ఓడిపోయిన కోటని పొగడటం ఓడిపోయిన విద్యార్థి చేతిరాతని పొగిడినట్టు కాదా?

దీనికి నా దగ్గర సగం జవాబే ఉంది. దైసకి వైపు అగడ్త పని పూర్తి కాలేదు. యుద్ధం ముంచుకొస్తోందని హడావుడిగా తవ్వుతూ మధ్యలో వదిలేశారు. దాడి గట్టిగా తగిలింది అక్కడే. ఇంకొకటి: అదే రోజు, అదే శత్రువు, కిందనున్న నిరయామా కోటని కూడా చుట్టుముట్టాడు. అక్కడా నాలుగు వేలకి లోపే ఉన్నారు. అది సుమారు మూడు నెలలు నిలిచింది. అంటే మట్టి కోటలన్నీ పనికిరానివి కావు. కానీ యమనక మీద 70 వేలు నేరుగా పడ్డప్పుడు గుంతలు నిండిపోతాయి. నిండిన గుంత అగడ్త కాదు, దారి. ఇది ఒప్పుకోవాలి. గెలిపించిందా లేదా అన్నది పక్కన పెట్టి చూస్తేనే ఈ తవ్వకంలో పనితనం కనిపిస్తుంది. అలా పక్కన పెట్టడం ఎంతవరకు న్యాయమో నాకు ఇంకా తేలలేదు. అక్కడ చచ్చినవాళ్ళు అలా పక్కన పెట్టలేదు.

కోట మూడో ఆవరణలో ఇప్పుడు సోకాన్‌జి అనే చిన్న బౌద్ధాలయం ఉంది. దాని పక్కన మాత్సుదా, మమియాల సమాధులతో పాటు హితోత్సుయనగి నావోసుయెది కూడా ఉంది. ఆయన దాడి చేసినవాళ్ళ వైపు సేనాని, ఇక్కడే గుండు తగిలి పోయాడు. ఇరుపక్షాల వాళ్ళూ ఒకే చోట. మామయ్యకి ఈ సంగతి నచ్చింది. అగరొత్తులు లేవు కాబట్టి జేబులోని చాక్లెట్ పెట్టాడు.

ఒదవారా తెల్ల మేడ

అంతకు ముందు వారమే మేం ఒదవారా వెళ్ళాం. అమ్మ కూడా వచ్చింది. అక్కడ 'కోట ఏది' అని ఎవరూ అడగరు. స్టేషన్లోంచి చూస్తేనే తెల్లటి మూడంతస్తుల మేడ కనిపిస్తుంది. పైకెక్కి సముద్రం చూశాం, ఫొటోలు దిగాం, అమ్మ కోతి బొమ్మ ఒకటి కొన్నది.

ఆ మేడ 1960లో కాంక్రీటుతో కట్టింది. దానికి నమూనా హోజోల తర్వాత, జపాన్‌ని ఏలిన తొకుగావాల కాలంలో ఉన్న మేడ. అంటే హోజో వాళ్ళు బతికి వచ్చి చూసినా వాళ్ళకి అది కొత్తే. హోజోల నిజమైన ఒదవారా కోట ఊరినంతా కలుపుకుని చుట్టూ తవ్విన తొమ్మిది కిలోమీటర్ల అగడ్త, మట్టి కట్ట. దానిలో ఒక ముక్క స్టేషన్ వెనక గుట్ట మీద ఇప్పటికీ ఉంది. అడుగున నడవొచ్చు. వెడల్పు 20, 30 మీటర్లు, లోతు పన్నెండు దాకా. మేం వెళ్ళినప్పుడు అక్కడ కుక్కని తిప్పుకుంటున్న ఒక పెద్దావిడ తప్ప ఎవరూ లేరు. మేడ దగ్గర టికెట్ల లైను ఉంది.

నేనేమీ ఆ మేడని పడగొట్టమనడం లేదు. అమ్మకి అదే నచ్చింది, అగడ్తలో దోమలున్నాయని తొందరపెట్టింది. నాకు బాధ ఎక్కడంటే, లేని మేడని కట్టాక ఉన్న అగడ్త కనపడకుండా పోతుంది. కన్ను మేడ దగ్గర ఆగిపోతుంది. జపాన్‌లో పాత కాలం నుంచి నిలిచిన కోట మేడలు పన్నెండే. కోటలు ఉండిన చోట్లు ముప్పై నలభై వేలని అంచనా. ఎక్కువ భాగం ఇలాంటి కొండలు, కోసిన గట్లు. పన్నెండింటిని చూసి కోట అంటే ఇదీ అని నేర్చుకుని, ఆ కొలతతో మిగతావాటి దగ్గరికి వెళ్ళి 'ఏమీ లేదు' అంటున్నాం.

కోట అనే మాటకి వాళ్ళు రాసే అక్షరంలో ఎడమ సగం 'మట్టి', కుడి సగం 'అవడం'. మట్టి అయినదే కోట అని అక్కడి కోటల పిచ్చివాళ్ళు ముచ్చటగా చెప్పుకుంటారు. అక్షరాల శాస్త్రం అడిగితే కుడి సగం ఉచ్చారణ కోసం పెట్టినదంటుంది. నాకు పిచ్చివాళ్ళ మాటే ఇష్టం.

మన దగ్గర మాత్రం వేరా? ఓరుగల్లు అనగానే తోరణాల ముందు ఫొటో. రాతి కోటకి బయట అంత పెద్ద మట్టికోట ఉంది, దాని చుట్టూ అగడ్త. ఢిల్లీ సేనాని మాలిక్ కాఫర్ దండు ముందుగా తలపడింది దానితోనే. ఉక్కు బల్లెం కూడా దిగనంత గట్టిదని ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో రాసింది ఆ మట్టి గోడ గురించే. దాన్ని కోసుకుంటూ పోయే రోడ్ల మీద నేను ఎన్నిసార్లో వెళ్ళాను, 'ఏదో కట్ట' అనుకుంటూ. యమనక చూశాకే గుర్తొచ్చి సిగ్గేసింది.

గడ్డి సంగతి

ఇప్పుడు నా మాటకి నేనే అడ్డం తిరగాల్సిన చోటు. నా మాటలు వింటే, పడిపోయినదాన్ని పడిపోయినట్టే ఉంచాలి, కొత్తగా ఏమీ కట్టకూడదు అంటున్నట్టే ఉంటుంది. యమనకలో నేను ముచ్చటపడ్డ ఆ గుంతలు నాలుగు వందల ఏళ్ళుగా అలా లేవు. పూడిపోయాయి. చెట్లు, పొలాలు అయ్యాయి. 1934లో దేశ చారిత్రక స్థలంగా ప్రకటించినా, మిషిమా నగరం వాళ్ళు తవ్వి చూడటం మొదలైంది 1973లో. అసలు ఆనవాళ్ళు పాడవకుండా వాటి మీద మళ్ళీ మట్టి కప్పి, గడ్డి పరిచి, ఆకారం తేల్చారు. అంటే నేను చూసిన పచ్చదనం ఒక దుప్పటి. అసలైన గుంతలకి గడ్డి లేదు; బోసి ఎర్రమట్టి, జారేది. అందంగా ఉండటం వాటి పని కాదు.

అయితే ఒదవారా మేడకీ ఈ గడ్డికీ తేడా ఏమిటి? రెండూ ఈ కాలం వాళ్ళు వేసినవే కదా?

బస్సులో ఈ ప్రశ్న నేనే మామయ్యని అడిగాను. ఆయన తేలిగ్గా తీసుకున్నాడు. "మేడ తీసేస్తే కింద ఆ మేడ ఉండదు. గడ్డి తీసేస్తే కింద గుంత ఉంటది." సరిపోయిందనిపించింది అప్పటికి. ఇప్పుడు మళ్ళీ ఆలోచిస్తే పూర్తిగా సరిపోలేదు. దుప్పటి మందం వల్ల లోతు తగ్గింది, అంచులు గుండ్రం అయ్యాయి, భయం పోయి ముచ్చట వచ్చింది. అయినా ఆ మాత్రం అబద్ధం లేకపోతే నాలుగు వానలకి అసలుకే మోసం. తకెదా కోట సంగతి తెలిసినవాళ్ళకి ఇది అర్థమవుతుంది. అది హ్యోగో జిల్లాలో మబ్బుల మీద తేలే కోట అని పేరు పడ్డది. పేరు పడగానే ఏడాదికి ఐదు లక్షల మందికి పైగా ఎక్కారు. నేల అరిగిపోయి, రాళ్ళ మొదళ్ళు బయటపడి, చివరికి దారి పొడవునా చాపల్లాంటి పట్టాలు పరచి, తాళ్ళు కట్టి, టికెట్ పెట్టాల్సి వచ్చింది. యమనకలో టికెట్ లేదు, జనమూ లేరు. జనం లేకపోబట్టే టికెట్ లేకుండా సాగుతోంది. నేను ఈ వ్యాసం రాసి నలుగురిని పంపడం కోటకి మంచిదో కాదో.

అసలు పెద్ద పునరుద్ధరణ గడ్డి కాదు, చెట్లు కొట్టడం. యుద్ధాల కాలంలో కోట కొండలు బోడిగా ఉండేవి. చెట్టుంటే చూపు ఆనదు, శత్రువు దాక్కుంటాడు. ఇప్పుడు ఇలాంటి కొండలు చాలావాటి మీద దేవదారు తోటలు. లోపల గట్టు ఎక్కడో, అగడ్త ఎక్కడో తెలీదు. ఒక కొండని చదవగలిగేలా ఉంచాలంటే ఎవరో ఒకరు ఏటా గడ్డి కొయ్యాలి, మొక్కలు పీకాలి. మేం వెళ్ళినప్పుడు ముగ్గురు పెద్దవాళ్ళు మిషన్లతో కోస్తున్నారు. గట్టు వాలు మీద నిలబడటానికి బూట్ల కింద ఇనుప ముళ్ళు కట్టుకున్నారు.

తవ్వింది ఎవరు

సమాధుల దగ్గర నుంచి వచ్చేటప్పుడు మామయ్య అడిగాడు: "తవ్వింది ఎవరు?"

హోజో వాళ్ళు, అన్నాను.

"హోజో వాళ్ళు పార పట్టారా?"

పట్టలేదు. ఊళ్ళ మీద కోట పని వేసేవారు. ఊరి రాబడిని బట్టి ఇంతమంది మనుషులు, ఏడాదికి ఇన్ని రోజులు అని. మన మాటలో వెట్టి. పలుగు, పార, తట్ట పట్టుకుని రైతులు వచ్చి ఈ కొండ కోశారు. పొలంలో బోదె తోలడం తెలిసిన చేతులే ఇక్కడ 'ఉనె' వదిలాయి. పేరు ఊరికే రాలేదు. నా 'పనితనం' అనే మాటలో ఇది లేదు. మేడ ఉన్న కోట చూసినప్పుడు రాజు గుర్తొస్తాడు. మట్టి కోట చూస్తే తవ్వినవాడు గుర్తు రావాలి. నాకు రాలేదు. ముప్పై ఏళ్ళు మట్టి పని మస్టర్లు రాసిన మనిషికి వచ్చాడు.

తిరుగు బస్సుకి ఇంకా నలభై నిమిషాలుంది. మామయ్య స్టాపులో కూర్చుని, ఒక పుల్లతో చెప్పుల అడుగున ఎర్రమట్టి గీకి, కోట మ్యాపు వెనక్కి తిప్పి లెక్క మొదలెట్టాడు. మనిషి రోజుకి ఎంత తవ్వుతాడు, తట్ట ఎత్తు ఎంత ఎక్కించాలి, ఎర్రమట్టి కాబట్టి ఇంత. పడమటి అగడ్త పొడవు అడుగులేసి కొలిచాడట, నేను ఫొటోలు తీస్తున్నప్పుడు. లోతు బోర్డు మీద ఉంది.

"పై వెడల్పు ఎంత ఉంటదంటావు?"

నేను ఫోన్ తీసి ఫొటోలు చూశాను. పన్నెండింటిలోనూ గడ్డి ఉంది, ఆకాశం ఉంది. పక్కన మనిషి ఒక్కడూ లేడు, వెడల్పు పోల్చి చూసుకోవడానికి.

"టేపు తేవాల్సిందిరా" అన్నాడు మామయ్య, మ్యాపు మడిచి జేబులో పెట్టుకుంటూ.